సెకండ్ హ్యాండ్ హిమాలయన్: పాత 411 తీసుకోవాలా, కొత్త 450 తీసుకోవాలా?

ముందే చెప్పేస్తాను. నేను 2022 మోడల్ రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 తీసుకున్నాను. 450 నడిపాను, చాలా నచ్చింది, అయినా వదిలేశాను. నా ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు. బండికీ, కాగితాలకీ, కొన్నాక చేయించాల్సిన పనులకీ అన్నీ కలిపి రెండు లక్షలు దాటకూడదనుకున్నాను. తిరిగేది ఎక్కువగా బెంగళూరు నుంచి మదనపల్లె, అక్కడి నుంచి హార్స్‌లీ కొండ, వీలైతే గండికోట దాకా. ఈ మూడింటిలో ఏ ఒక్కటి మారినా నా నిర్ణయం మారేది. అందుకే ఎవరికి ఏ బండి సరిపోతుందో కాస్త వివరంగా రాస్తున్నాను. మారతహళ్లి, బెళ్లందూరు, వైట్‌ఫీల్డ్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్లలో సెకండ్ హ్యాండ్ టూరింగ్ బండి కోసం వెతికేవాళ్లు నన్ను ఎక్కువగా అడుగుతున్నది కూడా ఇదే.

రెండింటి పేరూ హిమాలయనే గానీ, లోపల ఉన్నవి పూర్తిగా వేరు బండ్లు. 2016లో వచ్చిన మొదటి తరానిది 411 సీసీ ఇంజన్. గాలితోనూ ఆయిల్‌తోనూ చల్లబడుతుంది, అయిదు గేర్లు, పవర్ 24 హార్స్‌పవర్ పైచిలుకు. 2023 నవంబరులో వచ్చిన రెండో తరంలో 452 సీసీ ఇంజన్ పెట్టారు. దానికి రేడియేటరు, కూలెంటు (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం), ఆరు గేర్లు, దాదాపు 40 హార్స్‌పవర్. అంటే ఒకటిన్నర రెట్లకు పైనే. ఫ్రేము, ఫోర్కులు, మీటరు, స్విచ్చులు కూడా కొత్తవే. కాబట్టి 411ని 450కి చౌక రూపం అనుకుని కొనకండి. దాని తీరే వేరు.

నా వృత్తి ఫిజియోథెరపీ. నడుము నొప్పి, మణికట్టు నొప్పి అంటూ వచ్చే రైడర్లను రోజూ చూస్తుంటాను. బండి చూడగానే మొదట నా కన్ను పడేది కూర్చునే తీరు మీదే. 411 సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లు. నేను కూర్చుంటే రెండు కాళ్ల మునివేళ్లూ, పాదం ముందు భాగమూ నేల మీద గట్టిగా ఆనుతాయి. 450 సీటును 825, 845 అని రెండు ఎత్తుల్లో పెట్టుకోవచ్చు. 825లో పెట్టినా నాకు ఒక పక్కకు జరిగి ఒంటి కాలు మీద ఆపుకోవాల్సి వచ్చింది. 805 ఎత్తున్న లో సీటు విడిగా దొరుకుతుంది, దాని ధర మన బడ్జెట్‌లో కలుపుకోవాలి. కాగితం మీద 450 బరువు 196 కిలోలు, బీఎస్6 (2020 నుంచి వచ్చిన కాలుష్య ప్రమాణం) 411ది 199 కిలోలు. అయినా రోడ్డు వాలుగా ఉన్నచోట, కె.ఆర్.పురం వంతెన కింద బస్సుల మధ్య ఇరుక్కుని అరగంట ఆగుతూ కదులుతూ పోయేటప్పుడు, ఆ 25 మిల్లీమీటర్ల తేడా మూడు కిలోల తేడాను మింగేస్తుంది. నాలాంటి ఎత్తువాళ్లు షోరూంలో, సమంగా ఉన్న టైల్స్ మీద కూర్చుని నిర్ణయించుకోవద్దు. బండిని వాలులో నిలబెట్టి, మీ తొడలతో వెనక్కి నెట్టి చూడండి. అప్పుడు తెలుస్తుంది.

ఎత్తు ఐదడుగుల ఎనిమిది పైన ఉన్నవాళ్లకు ఇదంతా వర్తించదు. వాళ్లకు 450లోనే మోకాలి కోణం సుఖంగా ఉంటుంది, నిలబడి నడిపేటప్పుడు హ్యాండిల్ అందుబాటులో ఉంటుంది. పొడుగువాళ్లు 411 మీద లేచి నిలబడితే నడుము వంచాల్సి వస్తుంది. గతుకుల రోడ్డు మీద ఎక్కువసేపు అలా పోతే మర్నాడు నడుము పట్టేస్తుంది.

ఇక ఇంజన్. 411 టార్కు, అంటే లాగే బలం, 32 న్యూటన్ మీటర్లు, అదీ 4,000–4,500 ఆర్పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గరే వచ్చేస్తుంది. హోస్కోటె దాటి చింతామణి రోడ్డులో పోతుంటే ఊళ్లు, స్పీడ్ బ్రేకర్లు, టమోటా లారీలు, ఎదురుగా వచ్చే ట్రాక్టర్లు. మూడో గేరులో పెడితే చాలాసేపు అదే గేరు సరిపోతుంది. థ్రాటిల్ తిప్పితే నింపాదిగా లాగుతుంది. ఎనభై మీద అయిదో గేరులో ఇంజన్ సరిగ్గా తన టార్కు ఉన్నచోటే తిరుగుతుంటుంది. నాలుగు వరసల హైవేల మీద బైకులకు కేంద్రం పెట్టిన గరిష్ఠ వేగం కూడా గంటకు 80 కిలోమీటర్లే. ఆ వేగంలో 411ని మించిన సుఖం నాకు ఈ ధరలో ఇంకెక్కడా కనబడలేదు. వంద దాటిస్తే మాత్రం ఫుట్‌పెగ్గుల్లో వైబ్రేషన్ మొదలవుతుంది, ఇంజన్ ఇక చాలన్నట్టు అరుస్తుంది.

450 నడిపించినాయన విశాఖ ఆయన, వైట్‌ఫీల్డ్‌లో ఉంటారు. "మీరు సరిగ్గా నడిపి చూస్తేనే తెలుస్తుందండీ, తొందరేం లేదు" అని తాళం చేతికిచ్చి, బూదిగెరె రోడ్డులో దూరం పోయి రమ్మన్నారు. ఇలాంటి అమ్మేవాళ్లు దొరకడం అదృష్టం. ఆ బండి క్లచ్ రెండు వేళ్లతో నొక్కితే చాలు. అది నొక్కే బలాన్ని తగ్గించే స్లిప్ అండ్ అసిస్ట్ క్లచ్, 411 క్లచ్‌లా చేతిని నొప్పించదు. మూడు వేల ఆర్పీఎం కింద కొంచెం గునుస్తుంది, గేరు తగ్గించమంటుంది. నాలుగు వేలు దాటిందా, ఇక దాని దూకుడు వేరు. టార్కు 40 న్యూటన్ మీటర్లు, అది 5,500 దగ్గర వస్తుంది. ముందున్న టిప్పరును దాటడానికి 411 మీదైతే నేను ఎదురుగా వచ్చే ఖాళీని లెక్కేసుకుని, గేరు తగ్గించి, ఊపిరి బిగబట్టాల్సి వచ్చేది. 450 మీద అలా అనుకునేలోపే దాటేశాను. రెండు వరసల రోడ్ల మీద ఓవర్‌టేక్ సమయం తగ్గడమంటే ప్రాణానికి భద్రతే. ఈ ఒక్క విషయంలో 411ని నేను సమర్థించను. ముందు బ్రేకు కూడా అంతే. 411కి 300 మిల్లీమీటర్ల డిస్క్, 450కి 320. లీవరు నొక్కితే వచ్చే నమ్మకంలో ఆ తేడా తెలుస్తుంది.

అయినా 411 వైపే ఎందుకు వచ్చానంటే, ఎత్తు తర్వాతి కారణం డబ్బు. 2024 మోడల్ 450లకు నన్ను రెండున్నర లక్షలకు తక్కువ ఎవరూ అడగలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ పైనున్న బైకుల మీద జీఎస్టీ 40 శాతం అయింది. అంతకు ముందు సెస్సుతో కలిపి 31 శాతం ఉండేది. కొత్త 450 షోరూం ధరే మూడు లక్షలు దాటడంతో, పాతవి అమ్మేవాళ్లు కూడా ఆ ధర చూపించి దిగిరావడం లేదు. రెండో తరంలో సెకండ్ హ్యాండ్ కొంటే మిగిలేది మీరనుకున్నంత ఉండదు. ఆన్‌రోడ్ ధరతో పోల్చి లెక్కేసుకోండి. లో సీటు, టైర్లు, మిగిలిన వారంటీ అన్నీ అందులో వేయండి. తేడా చిన్నదైతే కొత్తదే తీసుకోవడం మేలు.

411లోకి వస్తే, ఏ సంవత్సరం అన్నది చాలా ముఖ్యం. 2016, 2017 మొదట్లో వచ్చిన బీఎస్3 బండ్లకు కార్బురేటరు ఉంటుంది. రోడ్డు పక్క మెకానిక్ కూడా విప్పి శుభ్రం చేయగలడని కొందరికి వాటి మీద ప్రేమ. నాకు అర్థమవుతుంది గానీ, వాటికి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది) లేదు. వయసు మీద పడింది, తొలి బ్యాచ్‌ల లోపాలు తెలిసినవే, పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్‌లో సగానికి పైగా గడిచిపోయింది. 2017లో బీఎస్4తో ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది, 2018లో ఏబీఎస్ చేరింది. 125 సీసీ దాటిన బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచి కాబట్టి, 2018 బండి చూస్తే ముందు చక్రం దగ్గర సెన్సర్ రింగు ఉందో లేదో మీ కళ్లతో చూసుకోండి. అమ్మేవాళ్ల మాట మీద వదిలేయకండి.

2020 నుంచి బీఎస్6. వెనక చక్రం ఏబీఎస్ ఆపుకునే స్విచ్చు, హజార్డ్ లైట్లు వచ్చాయి. 2021లో ట్రిప్పర్ అనే చిన్న దారి చూపే తెర, మెరుగైన సీటు, కొంచెం ఎత్తయిన విండ్‌స్క్రీన్, మోకాళ్లకు తగలకుండా మార్చిన ముందు ర్యాక్ చేర్చారు. నా లెక్కలో 411 కొంటే 2021 తర్వాతిదే కొనాలి. ఆ సీటు మీద మూడు గంటలు కూర్చుని దిగినా తొడల కింద మొద్దుబారలేదు. పాత సీటు మీద అంతసేపు నేను కూర్చోలేకపోయాను. ఇంకో సంగతి, బంకుల్లో ఇప్పుడు పోస్తున్నది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన బండ్లలో రబ్బరు గొట్టాలు, సీళ్లు దానికి తగ్గట్టుగా వచ్చాయి. అంతకు ముందువి కొన్నప్పుడు పెట్రోలు పైపు పగిలిందా, గట్టిపడిందా అని చేత్తో నొక్కి చూడండి. 2023 మధ్యలో తయారైన 411 మంచి స్థితిలో, మంచి ధరకు దొరికితే కళ్లకద్దుకుని తీసుకోండి. అవి తక్కువగా కనబడతాయి.

నేను కొన్న బండి కసవనహళ్లిలో ఒక నెల్లూరు అబ్బాయిది. ఉద్యోగం మీద విదేశాలకు పోతున్నాడు. అంతకు ముందు పాత బండ్లు అమ్మే ఒక కన్సల్టెన్సీలో చూసిన బండికి కొత్త స్టిక్కర్లు వేసి, ట్యాంకు మెరిసేలా పాలిష్ పెట్టారు గానీ, సర్వీసు బిల్లు ఒక్కటి కూడా చూపించలేకపోయారు. ఈ అబ్బాయి ఒక ప్లాస్టిక్ ఫోల్డరు తీసి నా ముందు పెట్టాడు. మొదటి సర్వీసు నుంచి ఉన్నాయి, వరసగా. "అక్కా, మీరొచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దన్నారు కదా, పొద్దున్నుంచి ముట్టుకోలేదు" అన్నాడు. ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూశాను, చల్లగానే ఉంది. ఇది అందరూ చేయాలి. ముందే వేడి చేసి పెట్టిన ఇంజన్ తన రోగాలు దాచేస్తుంది. చల్లటి ఇంజన్ మీద ఒక్క నొక్కుకు అందుకోవాలి, చెక్ ఇంజన్ లైటు వెలిగి ఆరిపోవాలి, హెడ్డు దగ్గర టకటక శబ్దం వేడెక్కే కొద్దీ తగ్గాలి.

నాతో వచ్చిన మెకానిక్ ముళబాగిలు ఆయన. ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఆయన ముందుగా బండిని సెంటర్ స్టాండు మీద పెట్టి, నన్ను వెనక సీటు మీద బరువు వేయమని, ముందు చక్రం గాల్లోకి లేపాడు. హ్యాండిల్‌ను ఒక వేలితో ఎడమ నుంచి కుడికి మెల్లగా తోశాడు. సరిగ్గా మధ్యకు రాగానే చిన్నగా ఆగి, మళ్లీ కదిలింది. "కండ్లు మూసుకొని నువ్వే తిప్పి సూడక్కా, నడిమధ్యలో పట్టుకుంటాది" అన్నాడు. కళ్లు మూసుకుని తిప్పాను. నిజమే, నేరుగా ఉన్న చోట గుంటలో పడినట్టు ఒక చిన్న తట్టు. కోన్‌సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు, అరిగిపోయింది. ఇరవై ఒక్క అంగుళాల ముందు చక్రం గుంతల దెబ్బలన్నీ మోసి, ఆ బేరింగుల గోళీలు పట్టాల మీద అచ్చులు వేస్తాయి. 411లో ఇది తరచూ కనబడే సమస్య. బండి నేరుగా పోకుండా సన్నగా ఊగుతున్నట్టుంటే చాలామంది టైరు మారుస్తారు. అసలు కారణం ఇక్కడుంటుంది. మార్చడం పెద్ద పనేం కాదు, ఖర్చు కూడా భరించేంతే. కానీ బేరం ఆడే ముందే తెలియాలి. ఆ అబ్బాయి అభ్యంతరం చెప్పకుండా ఆ మేరకు తగ్గించుకున్నాడు.

తర్వాత ఆయన వెనక సస్పెన్షన్ లింకేజీ దగ్గర కూర్చున్నాడు. వెనక చక్రాన్ని పైకీ కిందికీ కదిపితే సన్నటి లూజు వస్తుందా అని చెవి ఒగ్గి విన్నాడు. ప్రెషర్ వాషింగ్ ఎక్కువగా చేయించిన బండ్లలో అక్కడి గ్రీజు కొట్టుకుపోయి బేరింగులు తుప్పు పడతాయట. ఇది బాగానే ఉంది. స్పోకులను ఒక్కొక్కటిగా స్పానరుతో తట్టాడు. బిగుతుగా ఉన్నవి ఖంగుమన్నాయి, వదులైనవి డొక్కుగా మోగాయి. ఫోర్కు గొట్టాల మీద ఆయిల్ గీత ఉందా, రిమ్ము అంచు వంగిందా, చైన్ స్ప్రాకెట్ పళ్లు వాడిగా తేలాయా అని చూశాడు. నాలుగో గేరులో ఎత్తు ఎక్కిస్తూ క్లచ్ జారుతోందో లేదో నేనే నడిపి చూశాను. 450 చూడటానికి పోయేవాళ్లకు ఈ పరీక్షల్లో సగం పనికొస్తాయి. మిగతాదంతా సర్వీస్ సెంటరు స్కానరుదే. మన వంతుకు కూలెంటు మట్టం, రేడియేటరు రెక్కలు రాళ్లు తగిలి వంగాయా, ఇంజన్ వేడెక్కాక ఫ్యాను తిరుగుతోందా చూసుకుంటే చాలు. 411 టాపెట్లను (వాల్వుల దగ్గరి సన్నటి ఖాళీని) పని తెలిసిన మెకానిక్ ఎవరైనా సెట్ చేస్తాడు. 450ది డబుల్ ఓవర్‌హెడ్ క్యామ్, నాలుగు వాల్వుల ఇంజన్. దాని పని రోడ్డు పక్కన చేయించేది కాదు. రాయచోటి, కదిరి వైపు పల్లెల్లో తిరిగేవాళ్లకు ఈ తేడా పెద్దదే.

టైర్ల గురించి ఒక ముక్క. 411 అన్నిటికీ ట్యూబు టైర్లే. 450లో కూడా మొదట్లో అన్నీ ట్యూబువే, ట్యూబ్‌లెస్ స్పోకు చక్రాలు 2024 చివర్లో వచ్చాయి. 450 కొనేవాళ్లు ఏ చక్రాలున్నాయో ఫొటోలోనే అడిగి తెలుసుకోండి. ఆ చక్రాలున్న బండికి కొంచెం ఎక్కువ పెట్టినా నష్టం లేదు. ట్యూబు బండి కొన్నవాళ్లు స్పేర్ ట్యూబు, టైరు లివర్లు, చిన్న పంపు బ్యాగులో పెట్టుకోండి. 21 అంగుళాల ట్యూబు ప్రతి పంక్చర్ షాపులో దొరకదు.

కాగితాల విషయంలో బెంగళూరు తెలుగువాళ్లకు ఒక చిక్కుంది. ఇక్కడ తిరిగే బండ్లలో ఏపీ, తెలంగాణ నంబర్లు చాలా. తక్కువకు వస్తోందని ఏపీ నంబరు బండి కొంటే, సంవత్సరం దాటి కర్ణాటకలో ఉంచుకుంటే ఇక్కడ మళ్లీ రిజిస్టరు చేయించాలి, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. పాత ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) కావాలి. కర్ణాటక ట్యాక్సు ఎక్కువ, తగ్గించిన ధరంతా దానికే పోతుంది. కేఏ నంబరు బండి కొని ఊరికి తీసుకుపోవాలనుకునేవాళ్లకూ అటునుంచి ఇదే తిప్పలు. లోను మీద కొన్న బండైతే ఆర్సీలో బ్యాంకు పేరు తీసేసిందాకా డబ్బు మొత్తం ఇవ్వకండి. బ్యాంకు ఎన్‌వోసీ, ఫారం 35 చేతికి రావాలి. పేరు మార్పుకు 29, 30 ఫారాలు. ట్రాఫిక్ చలాన్లు ఎన్ని పెండింగులో ఉన్నాయో బండి నంబరు కొట్టి చూడండి. బెంగళూరు కెమెరాల పుణ్యమా అని ఆ మొత్తం వేలల్లో ఉంటుంది. ఆర్సీలో తయారీ నెల, సంవత్సరం విడిగా ఉంటాయి. 2022 రిజిస్ట్రేషన్ అని చెప్పే బండి 2021లో తయారైంది కావచ్చు. ఛాసీ నంబరును ఫ్రేము మీద చెక్కిన దానితో సరిపోల్చుకోండి.

నాకు బండి లక్షా అరవై అయిదు వేలకు వచ్చింది. కోన్‌సెట్, వెనక టైరు, చైన్ స్ప్రాకెట్, బ్రేక్ ప్యాడ్లు మార్పించాను. సైడు బ్యాగుల స్టాండు జె.సి. రోడ్డులో బేరమాడి కొన్నాను. ఇన్సూరెన్సు నా పేరు మీదికి మార్చడంతో సహా రెండు లక్షల లోపే ముగిసింది. మైలేజీ ముప్పైకి అటూ ఇటూ వస్తోంది. ట్యాంకు 15 లీటర్లు. మదనపల్లె పోయి, హార్స్‌లీ కొండ ఎక్కి దిగి, తిరిగి మారతహళ్లి చేరేదాకా బంకు వైపు చూడక్కర్లేదు. ఆ కొండ దారి మలుపుల్లో రెండో గేరు, మూడో గేరు మధ్య తిప్పుకుంటూ పోతుంటే ఈ బండి ఇలాంటి రోడ్డు కోసమే చేశారనిపిస్తుంది. చిరాకు పెట్టేది మీటరులోని దిక్సూచి ఒక్కటే. అది ఎటు చూపిస్తుందో దానికే తెలియదు, దాన్ని నమ్మకండి.

ఇక నా మాట పట్టించుకోకుండా 450 తీసుకోవాల్సినవాళ్లు ఎవరంటే, పొడుగువాళ్లు, వెనక మనిషినీ సామాన్లనూ వేసుకుని ఎన్‌హెచ్ 44 మీద హైదరాబాదు దాకా ఒక్క రోజులో పోయేవాళ్లు. అంత దూరం, అంత బరువుతో 411 లాగుతుంది గానీ ప్రతి ఓవర్‌టేకుకూ ఆలోచించాలి, సాయంత్రానికి మీరూ అలసిపోతారు, వెనక కూర్చున్నవాళ్లూ అలసిపోతారు. వాళ్లు 2024 చివరి తర్వాత తయారైన, ట్యూబ్‌లెస్ చక్రాలున్న, వారంటీ ఇంకా మిగిలిన ఫస్ట్ ఓనర్ 450 వెతకాలి. గుండ్రటి తెర మీద మ్యాపు రావాలంటే ఫోను, కంపెనీ యాప్ రెండూ కలవాలి కాబట్టి, టెస్ట్ రైడ్‌కు వెళ్లినప్పుడే మీ ఫోనుతో కలిపి చూడండి. పాత ఓనరు అకౌంటు నుంచి బండిని తీయించుకోవడం కూడా అక్కడే, డబ్బు ఇచ్చే ముందే చేయించుకోండి.